విండోస్‌లో భారతీయ తేదీ పెట్టినా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నెల ముందు ఎందుకు వస్తోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుణుపురంలో ఒక ఎరువులు, విత్తనాల దుకాణానికి మీరు లెక్కలు రాస్తున్నారు. కంప్యూటర్‌లో రీజియన్ ఇండియా అనీ, తేదీ రోజు-నెల-సంవత్సరం వరుసలో ఉండాలనీ పెట్టారు. తెర మూలన గడియారం దగ్గర తేదీ సరిగానే కనబడుతోంది. అయినా క్రోమ్‌లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏప్రిల్ 7ను 04/07/2024 అని చూపుతోంది. అందులోంచి దించుకున్న సీఎస్‌వీ ఫైలును (గడులను కామాలతో విడదీసిన అక్షరాల ఫైలు) ఎక్సెల్‌లో తెరిస్తే కొన్ని తేదీలు గడిలో కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు చేరుతున్నాయి. ఏప్రిల్ బిల్లు జూలైకి పోతోంది. విండోస్‌ను రెండుసార్లు కొత్తగా వేయించినా ఫలితం లేకపోయింది. ఇంకా ఏ సెట్టింగ్ మిగిలిపోయిందని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, విండోస్‌లో మీరు మార్చవలసినది ఏదీ మిగిలి లేదు. మీ సెట్టింగ్ సరిగానే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని అడగడం లేదు, అంతే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, విండోస్ కూడా అంతే. తేదీ ఎలా రాయాలో ఒక చోట రాసి పెట్టుకుంటుంది కాని, ప్రతి ప్రోగ్రామ్ చెయ్యి పట్టుకుని అలాగే రాయించదు. కాబట్టి మీ పని రెండు చోట్ల ఉంది: ఒకటి క్రోమ్ భాష, రెండవది ఆ సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లోకి తెచ్చుకునే పద్ధతి. మూడవసారి విండోస్ వేయించకండి.

నేను బరంపురంలో ఉంటాను. పంతొమ్మిదేళ్లుగా బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వరకు దుకాణాలకు, మిల్లులకు కంప్యూటర్లు, లెక్కల సాఫ్ట్‌వేర్లు పెట్టి, అవి నడిచేలా చూసుకోవడమే నా పని. ఈ తేదీల తకరారు నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కింద రాసినదంతా ఆ అనుభవంలోంచి వచ్చినదే.

ముందు క్రోమ్ సంగతి. వెబ్ పేజీలో తేదీ నింపే పెట్టె కనబడితే, అందులో రోజు ముందు రావాలా నెల ముందు రావాలా అనేది ఆ పేజీ కాదు, బ్రౌజర్ నిర్ణయిస్తుంది. విండోస్ మీద క్రోమ్ ఆ నిర్ణయాన్ని రీజియన్ సెట్టింగ్‌ను చూసి కాక, తన మెనూలు ఏ భాషలో ఉన్నాయో చూసి తీసుకుంటుంది. మన దగ్గర దాదాపు అన్ని కంప్యూటర్లలో క్రోమ్ అమెరికా ఇంగ్లీషులో ఉంటుంది కనుక నెల ముందు వస్తుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్ తెరిచి, యునైటెడ్ కింగ్‌డమ్ ఇంగ్లీషును చేర్చి, క్రోమ్‌ను ఆ భాషలోనే చూపమని ఎంచుకుని, ఒకసారి మూసి తెరవండి. మెనూల్లో మీకు పెద్ద తేడా కనిపించదు కాని, తేదీ పెట్టెలు మాత్రం రోజు-నెల-సంవత్సరానికి మారతాయి. జాబితాలో ఇండియా ఇంగ్లీషు కూడా ఉంటుంది కదా అని చాలామంది దాన్ని చేర్చి ఊరుకుంటారు. దాని వల్ల వెబ్‌సైట్లకు మీ ఇష్టం తెలుస్తుందే తప్ప క్రోమ్ తన మెనూ భాషను మార్చుకోదు, కాబట్టి తేదీ పెట్టె కూడా మారదు. ఫైర్‌ఫాక్స్ వాడేవారైతే సెట్టింగ్స్‌లో భాషల దగ్గరే, తేదీలకు, అంకెలకు ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగ్‌లను వాడుకోమనే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెడితే చాలు. ఈ ఒక్క విషయంలో ఫైర్‌ఫాక్స్ మర్యాద నాకు నచ్చుతుంది.

ఇలా మార్చాక మీ బిల్లింగ్ పేజీని మళ్లీ తెరిచి చూడండి. తేదీ మారితే తప్పు బ్రౌజర్ భాషలో ఉందన్నమాట, పని అయిపోయినట్టే. మారకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారు అమెరికా వరుసను కోడ్‌లోనే గట్టిగా బిగించేశారని అర్థం. అప్పుడు మీ చేతిలో ఏ మీటా లేదు; వారికే చెప్పాలి. ఏం చెప్పాలో కింద రాస్తాను.

ఇక ఎక్సెల్ సంగతి, ఇది నిదానంగా చదవండి. మీరు ఎక్సెల్ మాట వినడం లేదనుకుంటున్నారు, కాని ఇక్కడ మాట విన్నది ఎక్సెల్ ఒక్కటే. సీఎస్‌వీ ఫైలులో తేదీ అనే వస్తువు ఉండదు. అంకెలు, గీతలు కలిసిన అక్షరాల ముక్క మాత్రమే ఉంటుంది. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆ ముక్కను నెల ముందు పెట్టి రాసింది. మీరు ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడు ఎక్సెల్ మీ విండోస్ సెట్టింగ్‌ను గౌరవించి, మొదటి అంకె రోజనుకుని చదివింది. అందుకే 04/07/2024 జూలై 4 అయింది. 04/25/2024 దగ్గరికి వచ్చేసరికి 25వ నెల లేదు కనుక, అది తేదీ కాదనుకుని ముక్కను ముక్కగానే వదిలేసింది. తేదీగా గుర్తించినది కుడివైపుకు చేరుతుంది, ముక్కగా మిగిలినది ఎడమవైపు ఉండిపోతుంది. మీరు చూసిన కుడి ఎడమల తేడా ఇదే.

ఎడమవైపు ఉండిపోయినవాటిని చూసి జనం కంగారు పడతారు. నిజానికి అవి క్షేమంగా ఉన్నాయి. ప్రమాదమంతా కుడివైపు అందంగా కూర్చున్నవాటితోనే. లెక్క వేసి చూడండి: మామూలు సంవత్సరంలో 365 రోజులుంటే, ప్రతి నెలలో మొదటి 12 రోజుల చొప్పున 144 రోజులను రెండు రకాలుగానూ చదవవచ్చు. అందులో 1-1, 2-2 లాంటి 12 రోజులు ఎటు చదివినా ఒకటే. మిగిలిన 132 రోజులు ఎవరికీ చెప్పకుండా మరో నెలకు మారిపోతాయి. తక్కిన 221 రోజులు మారలేక ఎడమవైపు నిలబడి కనీసం కేక వేస్తాయి.

దీన్ని మీ కళ్లతో చూడాలంటే సెలవుల జాబితా ఒకటి తయారు చేయండి. నేను కొత్త ఆపరేటర్లకు ఇలాగే చూపిస్తాను. నోట్‌ప్యాడ్‌లో నాలుగు వరుసలు మన పద్ధతిలో రాయండి: గణతంత్ర దినం 26/01/2024, ఉత్కళ దివస్ 01/04/2024, స్వాతంత్ర్య దినం 15/08/2024, గాంధీ జయంతి 02/10/2024. ఈ ఫైలును అమెరికా వరుసలో ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే జనవరి 26, ఆగస్టు 15 కదలవు, ముక్కలుగా మిగులుతాయి. ఉత్కళ దివస్ మాత్రం జనవరి 4కు, గాంధీ జయంతి ఫిబ్రవరి 10కి వెళ్లిపోతాయి. 1936లో ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిందని బడిలో చదువుకున్న కుర్రవాడు తెర మీద జనవరి 4 చూసి ఉలిక్కిపడతాడు, ఆ తరువాత ఎప్పటికీ మరచిపోడు. రాయగడ, గజపతి జిల్లాలు ఏర్పడినది కూడా 1992 అక్టోబరు 2నే కాబట్టి, ఈ పరీక్షకు మన ప్రాంతపు తేదీలు చక్కగా అమరాయని నాకొక చిన్న సరదా.

ఫైలును తెచ్చుకునే సరైన పద్ధతి ఇది. సీఎస్‌వీ మీద రెండుసార్లు నొక్కి తెరవకండి. ఎక్సెల్‌లో ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీ ఫైలును తెచ్చుకునే దారిలో వెళ్లండి. పాత ఎక్సెల్ అయితే టెక్స్ట్ ఇంపోర్ట్ విజార్డ్ మూడవ మెట్టులో, తేదీ ఉన్న కాలమ్‌ను ఎంచుకుని డేట్ అని, దాని పక్కన వరుస ఏమిటో చెప్పాలి. కొత్త ఎక్సెల్ అయితే ఫైలును తెచ్చుకునేటప్పుడు తెరుచుకునే పవర్ క్వెరీలో కాలమ్ రకాన్ని ‘యూజింగ్ లొకేల్’ (లొకేల్ అంటే ఒక దేశపు, భాషపు రాత పద్ధతి) ద్వారా మార్చి, తేదీ అని, యునైటెడ్ స్టేట్స్ ఇంగ్లీషు అని చెప్పాలి. ఇక్కడ చెప్పవలసినది మీకు కావలసిన వరుస కాదు, ఫైలులో ఉన్న వరుస. పదిమందిలో ఎనిమిది మంది ఇక్కడే జారిపడతారు. నాకు రోజు ముందు కావాలి కాబట్టి డీఎంవై (రోజు-నెల-సంవత్సరం) పెడతానంటారు. మీ ఫైలు నెల ముందు పెట్టి రాసి ఉంది కనుక మీరు డీఎంవై కాదు, ఎండీవై (నెల-రోజు-సంవత్సరం) అనే మాటను ఎంచుకోవాలి. చదవడం ఒకసారి సరిగా జరిగితే, చూపించడం మీ విండోస్ సెట్టింగ్ ప్రకారం దానంతట అదే జరుగుతుంది.

ఇప్పటికే రెండుసార్లు నొక్కి తెరిచి సేవ్ కూడా చేసేశామని దిగులు పడితే, ఒక ఊరట ఉంది. సీఎస్‌వీగానే సేవ్ చేసి ఉంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఎక్సెల్ తేదీ అనుకున్నవి మీ సెట్టింగ్ ప్రకారం 04-07-2024 అని అడ్డగీతలతో ఉంటాయి, వదిలేసినవి 04/25/2024 అని ఏటవాలు గీతలతోనే ఉంటాయి. అంకెల వరుస మాత్రం రెండింటిలోనూ మొదట ఉన్నదే. కాబట్టి ఏదీ పోలేదు; పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ తెచ్చుకోవచ్చు. అసలు నష్టం ఎప్పుడంటే, ఆ తేదీలను అక్కడి నుంచి మరో షీటులోకి అతికించి, దాని మీద వడ్డీలు, గడువులు లెక్క కట్టినప్పుడు.

ఎక్సెల్‌కు తేదీ అంటే లోపల ఒక అంకె మాత్రమే. 1900 జనవరి 1 ఒకటవ రోజు అయితే, 2024 ఏప్రిల్ 1 దానికి 45383. గడిని జనరల్‌గా మార్చి చూస్తే ఈ అంకె బయటపడుతుంది. అంకె రాకపోతే అది తేదీ కాదు, తేదీ వేషం వేసిన ముక్క. ఇంకొక మాట, ఫార్మాట్ సెల్స్ జాబితాలో ముందు నక్షత్రం గుర్తు ఉన్న తేదీ రూపాలు విండోస్ సెట్టింగ్‌తో పాటు మారతాయి, నక్షత్రం లేనివి మారవు. బరంపురంలో తయారు చేసిన షీటు విశాఖలోని ఆడిటర్ దగ్గర వేరేలా కనబడిందంటే, చాలాసార్లు ఈ నక్షత్రమే కారణం. మాక్రోలు, అంటే ఎక్సెల్ పనులను దానంతట అవే చేయించే చిన్న ప్రోగ్రాములు, వాడేవారికి మరొక హెచ్చరిక: ఒకే సీఎస్‌వీ ఫైలును చేత్తో తెరిస్తే మీ సెట్టింగ్ ప్రకారం చదివే ఎక్సెల్, అదే ఫైలును మాక్రోతో తెరిస్తే అమెరికా వరుసలో చదువుతుంది, ఫైలు తెరిచే ఆజ్ఞలో లోకల్ అనే ఆప్షన్‌ను ట్రూ చేస్తేనే దారికి వస్తుంది. గూగుల్ షీట్స్ అయితే మీ కంప్యూటర్‌ను అసలు చూడదు. ప్రతి షీటుకూ సొంత లొకేల్ ఉంటుంది, ఫైల్ మెనూలో సెట్టింగ్స్ కింద మార్చుకోవాలి.

ఇంత గందరగోళం ఎక్కడ మొదలైందంటే, సీ అనే ప్రోగ్రామింగ్ భాష రోజుల్లోకి వెళ్లాలి. అందులో ప్రోగ్రామ్ తనంతట తాను వినియోగదారుడి లొకేల్‌ను అడగకపోతే, అది సీ అనే పేరుగల మూల లొకేల్‌లో నడుస్తుంది. అక్కడ తేదీ పొట్టి రూపం నెల/రోజు/సంవత్సరం. తరువాత వచ్చిన, ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే డాట్‌నెట్‌లోనూ ఏ దేశానికీ చెందనిదని చెప్పే ఇన్వేరియంట్ కల్చర్ తేదీ కూడా నెల ముందుదే. అంటే మరచిపోయిన ప్రతి ప్రోగ్రామరూ తెలియకుండానే అమెరికా తేదీ రాస్తాడు. దురుద్దేశం అక్కరలేదు, మరపు చాలు.

మన ఒడిశావాళ్లకు దీని మీద మరొక తిరకాసు ఉంది. ఇక్కడ తెలుగువాడు రాసినా ఒడియావాడు రాసినా కాగితం మీద రోజే ముందు. నెల ముందు పెట్టి రాసే గుమాస్తాను నేను ఇంతవరకు చూడలేదు. కాని ప్రపంచంలో ఎన్నో సాఫ్ట్‌వేర్లు భాషల వివరాలకు ఆధారపడే యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ పట్టికలో, నేను చూసిన కూర్పుల్లో, తెలుగుకు, మరాఠీకి రోజు ముందు ఉంటే, ఒడియాకు పొట్టి తేదీ నెల ముందు ఉంది. విండోస్ సొంత పట్టికలో మాత్రం ఒడియాకు రోజే ముందు. 2020లో వచ్చిన డాట్‌నెట్ 5 నుంచి కొత్త విండోస్‌ల మీద ఆ ప్రోగ్రాములు విండోస్ పట్టికను వదిలి ఈ రెండవ పట్టికను వాడసాగాయి. కాబట్టి భాష ఒడియా అని పెట్టిన కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పుకు మారగానే తేదీలు తిరగబడితే, ఎవరో సెట్టింగ్ మార్చారని ఆపరేటర్‌ను తిట్టకండి.

మరొక సందర్భం తరచుగా వస్తుంది. పగలు తెర మీద తేదీలు సరిగా ఉంటాయి, రాత్రి దానంతట అదే తయారయ్యే రిపోర్టులో మాత్రం నెల ముందు వస్తుంది. రీజియన్ సెట్టింగ్ కంప్యూటర్‌ది కాదు, లాగిన్ అయిన మనిషిది. రాత్రి పని చేసే సర్వీసు మీ పేరు మీద కాక సిస్టమ్ ఖాతా మీద నడుస్తుంది, ఆ ఖాతాకు మీ సెట్టింగ్ తెలియదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్ నొక్కి, వెల్కమ్ స్క్రీన్, సిస్టమ్ ఖాతాలకూ కొత్త వినియోగదారులకూ రెండు గడులు టిక్కు పెట్టి కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభించండి. పర్లాకిమిడిలో ఒక మిల్లులో దీని కోసం మూడు నెలలు తిప్పలు పడి, చివరికి ఐదు నిమిషాల్లో సరిచేశాను. ఆ మూడు నెలలకూ నేను రుసుము తీసుకోలేదని ఇక్కడ ఒప్పుకోవాలి.

ఒక పని మాత్రం ఎన్నటికీ చేయకండి: మాట వినని సాఫ్ట్‌వేర్ కోసం విండోస్‌నే అమెరికా వరుసకు మార్చడం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వారు చెప్పే మొదటి మందు ఇదే. నా మొదటి ఏళ్లలో నేనూ ఈ తప్పు చేశాను. రాయగడ దగ్గర ఒక ఎరువుల డీలరు దుకాణంలో ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ తేదీలు కలవడం లేదని నాలుగు కంప్యూటర్లనూ అమెరికా వరుసకు మార్చి, సమస్య తీరిందని చెప్పి వచ్చేశాను. ఆ ప్రోగ్రామ్ తేదీలు కలిశాయి. కాని గుమాస్తా చేతికి అలవాటైన వరుసలో 01/04 అని కొట్టిన ఎక్సెల్ అరువుల పట్టీలో, ఆర్థిక సంవత్సరపు మొదటి రోజు అమ్మకాలన్నీ జనవరి 4కు పోయాయి. అంటే సరుకు ఇంకా బండి ఎక్కకముందే బాకీ మూడు నెలలు పాతదైంది, పైగా అమ్మకం కిందటి ఆర్థిక సంవత్సరంలోకి జారింది. ముప్పై రోజుల గడువు దాటిందని లెక్క తేలి, పాత ఖాతాదారు ఒకరికి వసూలు కబురు వెళ్లింది. ఆయన చేతిలో బిల్లు పట్టుకుని దుకాణానికి వచ్చి, కాగితం కౌంటర్ మీద పెట్టి, “నిన్న తీసుకున్న యూరియాకు మూడు నెలల బాకీ ఏమిటి బాబూ?” అని అడిగారట. ఆ మాట నాకు ఫోన్‌లో చెబుతున్నప్పుడు యజమాని గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువ వినిపించింది. మరునాడు పొద్దున్నే వెళ్లి నాలుగు కంప్యూటర్లనూ వెనక్కి మార్చాను.

ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాయవలసిన ఉత్తరం సంగతి. తేదీ తప్పుగా వస్తోందని రాస్తే మీ సెట్టింగ్ చూసుకోండని బదులు వస్తుంది. మూడు విషయాలు విడదీసి రాయండి. డేటాబేస్‌లో తేదీని ముక్కగా కాక తేదీ రకంగా దాస్తున్నారా అని అడగండి. తెర మీద చూపేటప్పుడు వినియోగదారుడి వరుసను పాటించండి, లేదా మా ఖాతాలోనే తేదీ రూపం ఎంచుకునే సదుపాయం ఇవ్వండి అని కోరండి. బయటికి పంపే ఫైళ్లలో మాత్రం ఎవరి ఇష్టానికీ లోబడని ఒకే రూపం ఉండాలి. 1988లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 ప్రమాణం ప్రకారం 2024-04-07 అని సంవత్సరం ముందు పెట్టి రాస్తే, ఎక్సెల్ ఏ దేశపు సెట్టింగ్‌లో ఉన్నా సరిగానే చదువుతుంది. వారు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ వాడుతుంటే ఒక మెలిక ఉంది: లాగిన్ భాష బ్రిటిష్ ఇంగ్లీషు అయితే, పాత డేట్‌టైమ్ రకంలో ఆ అడ్డగీతల రూపాన్ని కూడా తిరగేసి ఏప్రిల్ 7ను జూలై 4గా చదువుతుంది. అక్కడ గీతలు లేకుండా 20240407 అని పంపితేనే క్షేమం. మంచి ప్రోగ్రామర్లు కూడా దీని దగ్గర ఒకసారి దెబ్బ తిన్నాకే నేర్చుకుంటారు.

వారు దిద్దేవరకు మీ దగ్గర మనుషులు రాసే ప్రతి చోటా నెలను అక్షరాల్లో రాయించండి. 7-ఏప్రిల్-2024 అని రాసినదాన్ని ఎవరూ రెండు రకాలుగా చదవలేరు. ట్యాలీ వోచరు తేదీని ఇలాగే చూపుతుంది. జీఎస్‌టీ వారి ఆఫ్‌లైన్ టూల్ ఎక్సెల్ నమూనా కూడా ఇన్వాయిస్ తేదీలో నెలను మూడు అక్షరాల్లోనే అడుగుతుంది. పోర్టల్‌కు ఎక్కించే జేసన్ ఫైలులో మాత్రం, అమ్మకాల రిటర్ను అయిన జీఎస్‌టీఆర్-1కు రోజు-నెల-సంవత్సరం అడ్డగీతలతో ఉండాలి. మీరు పాతపట్నం, పార్వతీపురం వైపు నుంచి సరుకు తెప్పించుకుంటారు కనుక, 37తో మొదలయ్యే ఆంధ్రా జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నమోదు సంఖ్య) ఉన్న బిల్లులను 21తో మొదలయ్యే మీ ఖాతాలోకి ఎక్కించేటప్పుడు బిల్లు కాగితం మీది తేదీతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. నెలవారీ జీఎస్‌టీఆర్-1 గడువు మరుసటి నెల 11 కాబట్టి, మీ అమ్మకం బిల్లుల తేదీలను ఆ లోపల సరిచూసుకోవాలి.

అన్నీ వెతకనక్కరలేదు. ప్రతి నెలా 1 నుంచి 12 వరకు ఉన్న బిల్లులను మాత్రమే తీసి చూడండి. 13 నుంచి పైన ఉన్నవి ఎలాగూ తిరగబడలేవు. ఏప్రిల్ అమ్మకాలు వెతికేటప్పుడు ప్రతి నెలా 4వ తేదీని ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే తిరగబడిన ఏప్రిల్ బిల్లులన్నీ అక్కడికే చేరి ఉంటాయి: ఏప్రిల్ 1వి జనవరి 4న, ఏప్రిల్ 7వి జూలై 4న, ఏప్రిల్ 12వి డిసెంబరు 4న. ఇది సరిచేశాక కూడా ఏవైనా తేలకపోతే, సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, పేర్లు, మొత్తాలు తీసేసి, 25వ తేదీ బిల్లు వరుస ఒకటి, 5వ తేదీ బిల్లు వరుస ఒకటి ఇక్కడ పెట్టండి. ఎక్సెల్‌లోంచి కాపీ చేసినది కాదు, నోట్‌ప్యాడ్‌లో ఉన్నది ఉన్నట్టుగా.